పన్నెండు క్వింటాళ్ల కాపురం

జానయ్య చెమటోడ్చి సాధించిన మొదటి గెలుపు ఒక యంత్రం మీద. రెండు వేల పదహారు యాసంగి పంటకు మార్కెట్ యార్డుకు కొత్తగా కరెంటు కాంటా వచ్చింది. అద్దం మీద ఎర్ర అంకెలు వెలగగానే అందరూ నమ్మేశారు. జానయ్య ఒక్కడే బస్తాను రెండు చేతులతో లేపి దించి, "ఇది ఏడు వందల గ్రాములు తక్కువ చూపిస్తాంది" అన్నాడు. పదకొండు రోజులు ఆ మాట మీదే నిలబడ్డాడు. నవ్వారు, తాగి వచ్చాడన్నారు, పనిలోంచి తీసేస్తామన్నారు. పన్నెండో రోజు తూనికల ఇన్‌స్పెక్టరు వచ్చి ఇత్తడి రాళ్లు పెట్టి చూస్తే ఏడు వందల ఇరవై గ్రాములు తేడా తేలింది. "ఇరవై గ్రాములు నా తప్పు సార్" అని జానయ్య ఆయనకు దండం పెట్టాడు. ఆ యార్డు పేరు నేను రాయను. మా ఊరివాళ్లు ఇంకా అక్కడికే సరుకు తోలాలి.

మార్కెట్లో రైతు సరుకు తూచే లైసెన్సు మనిషిని మా వైపు దడ్వాయి అంటారు. జానయ్య ముప్పై ఒక్క ఏళ్లు దడ్వాయి పని చేశాడు. లోకంలో ఏ వస్తువూ దాని యజమాని చెప్పినంత బరువు ఉండదని అతని నమ్మకం. కాబట్టి కనబడినదల్లా తూచాలి, తూచినదాంట్లో తరుగు తీయాలి. తాలు ఉంది, తేమ ఉంది అని చెప్పి వడ్ల తూకంలో వ్యాపారి కోసుకునే దాన్ని తరుగు అంటారు. ఆ కోత మీద యార్డులో జీవితమంతా కొట్లాడిన మనిషి, ఇంటికి వస్తే మాత్రం అన్నిటికీ తానే తరుగు తీసేవాడు. అతనికున్న రోగం ఇదొక్కటే. అయితే ఇది ఇరవై నాలుగు గంటలూ ఉండేది.

మా చెల్లెలు అండాలును అతనికి ఇచ్చి పెళ్లి చేసింది నేనే. ఈ రోగం గురించి రాసే హక్కు నాకు అట్లా వచ్చింది. నా సంగతి కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. మాది నార్కట్‌పల్లికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఆ ఏడాది ఏడో తరగతి పాసైంది నేనొక్కడినే. రెండుసార్లు వార్డు మెంబరుగా గెలిచాను. ఎనభై నాలుగులో సమితి ఆఫీసు చుట్టూ పద్నాలుగుసార్లు తిరిగి మా వాడకు మొదటి చేతి బోరింగు వేయించాను. పాల సంఘానికి తొమ్మిదేళ్లు అధ్యక్షుణ్ణి. ఈ చివరి మాట నేను ఎక్కడ చెప్పినా, పక్కన జానయ్య ఉంటే ఊరుకునేవాడు కాడు.

"కాలు ఇరిగి దవాఖానల ఉన్న నాలుగు నెలలు తరుగు తీయి బావా. ఎనిమిదేండ్ల ఎనిమిది నెలలైతది."

మా ఊళ్లోనే ఉన్న అతని ఇంటి ముందు రేకుల కింద ఒక పాత ఇనుప కాంటా వేలాడుతుండేది. పట్టె మీద మనిషి కూర్చునేంత పెద్దది. వచ్చిన చుట్టాన్ని కాళ్లు కడుక్కోగానే దాని మీద కూర్చోబెట్టేవాడు, తిని చేయి కడిగాక మళ్లీ కూర్చోబెట్టేవాడు.

"కిలో మున్నూరు తిన్నవ్ బావా."

"రెండు చెంబుల నీళ్లు తాగిన గదయ్యా."

"నీళ్లు తీసేసే చెప్తున్న."

అప్పటినుంచి ఆ ఇంట్లో నేను కడుపునిండా తిన్నది లేదు.

తన ఇంటి వరకైతే ఓర్చుకునేవాణ్ణి. రెండు వేల పద్దెనిమిదిలో పాల సంఘం సర్వసభ్య సమావేశం పెట్టాను. నేను నివేదిక చదువుతుంటే జానయ్య లేచి, సంఘం కొలత గ్లాసు అడుగున బయటికి సొట్ట ఉందని, దానివల్ల లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు ఎక్కువ పాలు పోస్తున్నామని చెప్పాడు. ఆ సొట్ట ఎప్పుడు పడిందో నాకు నిజంగా తెలియదు. తెలియదన్న మాట ఎవరు వింటారు. మరుసటి నెల ఎన్నికల్లో నేను పదకొండు ఓట్లతో ఓడిపోయాను. ఇంటికి వెళ్లి అడిగాను.

"సొంత బావమీద సభల లేస్తవా?"

"నీ మీద ఎందుకు లేస్త బావా. గ్లాసు మీద లేచిన."

"నాకు చెవుల చెప్పొచ్చు గద."

"చెప్తే నువ్వు కొత్త గ్లాసు తెస్తవ్. పాత ఇరవై మిల్లీల సంగతేంది మరి?"

ఇటువంటి మనిషి కాపురం ఎత్తి సముద్రం పక్కకు పోవాల్సి వచ్చింది. రెండు వేల ఇరవై రెండు మే నెలలో అతని కోడలు ప్రవళికకు విశాఖపట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. పర్మినెంటు. జూన్ పదహారు లోపల చేరాలి. కొడుకు బాలకృష్ణ మోటార్లకు వైండింగ్ చేస్తాడు, ఆ పని ఎక్కడైనా దొరుకుతుంది. యార్డులో జానయ్య పని అప్పటికే ముగిసింది. అందరూ కలిసి పోవడమే అనుకున్నారు. అడ్డం పడింది ఒక్కటే, ప్రవళిక తల్లి హనుమమ్మ.

హనుమమ్మది మా ఊరే, రెండు వాడల అవతల ఇల్లు. మొగుడు పోయాడు, ప్రవళిక ఒక్కతే బిడ్డ. మా నీళ్లలోని ఫ్లోరైడు హనుమమ్మ నడుమును, మోకాళ్లను ఇరవై ఏళ్లలో కొంచెం కొంచెంగా వంచేసింది. అప్పటికి నాలుగేళ్లుగా మంచం మీదే ఉంది. మూతపడిన నర్సింగు హోము నుంచి ప్రవళిక ఆమెకు తల వైపు లేచే ఇనుప మంచం ఒకటి కొనిపెట్టి, రోజూ పొద్దున సాయంత్రం పోయి చూసుకునేది.

కొలువు కాగితం వచ్చిన వారానికి హనుమమ్మ ఇంట్లోనే అందరం కూర్చున్నాం. పెద్దమనిషిని నేనే కాబట్టి తీర్పు కూడా నేనే చెప్పాను. హైదరాబాదు అవతల ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమం ఉంది, హనుమమ్మను అక్కడ చేర్పించాలి, ఆడపిల్ల తల్లి అల్లుడి ఇంట్లో పడి ఉండటం మన ఇళ్లలో లేదు అన్నాను.

"అమ్మను ఆడ పడేసి నేను సూదులు పొడవ పోవాల్నా మామా? కాగితం వాపస్ పంపిస్త" అంది ప్రవళిక.

"నోరు ముయ్యవే. పెద్దన్న చెప్పిందే ఖరారు" అంది హనుమమ్మ మంచం మీదనుంచి. "వియ్యంకుల ఇంట్ల పండుకొని తినే గతి నాకు పట్టొద్దు. నన్ను ఎవరూ మొయ్యొద్దు."

అందరూ జానయ్య వైపు చూశారు. అతను హనుమమ్మ మంచం కోడును గోరుతో గీకుతూ, "లారీ దొరుకుతదో లేదో చూడాలె" అన్నాడు. బాలకృష్ణ తలకాయ కొట్టుకున్నాడు. కోడలు ఏడుస్తుంటే లారీ గురించి మాట్లాడే మనిషికి చెల్లెలిని ఇచ్చానే అని ఆ రోజు నేను చాలా బాధపడ్డాను.

లారీ దొరికింది. నార్కట్‌పల్లి సైదులుది, చౌటుప్పల్ నుంచి విశాఖకు సగం లోడుతో పోయే బండి. మిగిలిన సగంలో పన్నెండు క్వింటాళ్ల దాకా పదహారు వేలు, దాటితే క్వింటాకు రెండు వేలు అన్నాడు. చేతిలో ఉన్నవి అరవై వేలు. విశాఖలో ఇంటి అడ్వాన్సు ముప్పై, మొదటి నెల జీతం వచ్చేదాకా తిండికి, రైలుకు మిగిలినవి. క్వింటా దాటినా మొదటి నెల ఉపవాసమే. లోకంలో అందరూ రూపాయల్లో బడ్జెట్ వేస్తారు. జానయ్య కిలోల్లో వేశాడు.

మూడు రోజులు ఇల్లంతా తెచ్చి కాంటా కింద పెట్టాడు. చూడటానికి వాడకట్టంతా వచ్చింది. అతను తూచి గట్టిగా పలికేవాడు, బాలకృష్ణ నోటుబుక్కులో రాసేవాడు.

"ఇత్తడి నీళ్ల గుండి. ఇరవై రెండు కిలోలు. తీసెయ్."

"అది మా అవ్వ ఇచ్చింది" అంది అండాలు.

"అవ్వ నీకు ఊరికే ఇచ్చింది. సైదులు ఊరికే తీసుకపోడు."

"తొక్కు జాడీ?"

"సగం ఉప్పే. ఉప్పు ఆడ సముద్రంల కుప్పలుంటది. సగం దించు."

"సముద్రం నీళ్లు పోసి తొక్కు పెడుతరా ఎవరన్న? ఇగ నిన్నే దించేసి పోత నేను."

బట్టల మూటలు తూచేనాటికి ఒక వాన పడింది. జానయ్య మూటలో చేయి పెట్టి చూసి, వడ్ల రాశిలో నుంచి తీసినట్టు ఒక చీర కొంగు తీసి నలిపి, "తేమ పదిహేడు శాతం దాటింది. ఎండబోయ్" అని వెనక్కి పంపాడు. అండాలు మొత్తం మూటలు విప్పి మళ్లీ ఎండకు వేసింది. బాలకృష్ణ పాటలు వినే రెండు పెద్ద డబ్బాలు పోయాయి. ప్రవళిక పుస్తకాలు మాత్రం ముప్పై ఒక్క కిలోలున్నా మాట్లాడకుండా రాయించాడు. తన సామాను ఎంతంటే, రెండు ధోతులు, మూడు అంగీలు, ఒక చెప్పుల జత. నాలుగు కిలోలు. దాంట్లోనూ చెప్పులకు అంటిన మట్టి వంద గ్రాములు తరుగు తీయించాడు.

చివరికి నా మంచం వచ్చింది. అండాలు పెళ్లికి నేను పెట్టిన టేకు మంచం అది. రెండెకరాల పత్తి డబ్బులు మొత్తం పెట్టి, అమ్రాబాద్ వైపు నుంచి వచ్చిన వడ్రంగితో చేయించాను. తలాపున నెమలి చెక్కించాను. మా ఊళ్లో ఆడపిల్లకు టేకు మంచం పెట్టిన మొదటి అన్నను నేనే. నలుగురు మోసుకొచ్చి కాంటా మీద నిలబెట్టారు.

"తొంబై ఆరు. తీసెయ్."

వాడకట్టు అంతా నా వైపు తిరిగింది.

"జానయ్యా, అది ఏ మంచమో యాదికున్నదా?" అన్నాను.

"యాదికున్నది బావా. ముప్పై ఐదేండ్లు పండుకున్న దాని మీద."

"మరి?"

"ఆడ కింద పండుకుంటం. నేల సల్లగ ఉంటదట."

నేను నోటుబుక్కు లాక్కుని చూశాను. నాకు లెక్క వచ్చు, ఏడో తరగతి ఊరికే పాసవలేదు. ఎక్కించే సామాను మొత్తం కూడితే వెయ్యిన్నీ తొంబై కిలోలు. పన్నెండు క్వింటాళ్లకు ఇంకా నూట పది తక్కువ. చివరి గీత కింద జానయ్య "తరుగు, నూట పది" అని రాయించాడు.

"లారీల పోయే మంచాలకు, గిన్నెలకు తరుగేందయ్యా? తొవ్వల ఎండుతయా?"

అతను కాంటా గొలుసు సర్దాడు. నేను పైకి, వేలాడుతున్న ఇనుప కాంటా వైపు చూశాను. రాళ్లతో కలిపితే అది సరిగ్గా నూరు నూట పది ఉంటుంది.

"సమజైంది. నా మంచం దించి నీ కాంటా ఎక్కిస్తున్నవ్. మనుషులకన్న నీకు గీ ఇనుమే ఎక్కువాయె" అన్నాను నలుగురూ వినేటట్టు. అతను నోటుబుక్కు తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. తొమ్మిది రోజులు నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. నా మంచం నా ఇంటికి తిరిగి వచ్చింది. దాన్ని దించుకునేటప్పుడు ఊరివాళ్లు ఎవరు నవ్వారో నాకు ఇప్పటికీ పేర్లతో సహా గుర్తుంది.

జూన్ పదకొండు పొద్దున లారీ నిండిందని తెలిసి, చెల్లెలి మొహం చూసి వద్దామని మాత్రమే వెళ్లాను. లారీలో కాంటా లేదు. రేకుల కింద కూడా లేదు. అడిగితే అండాలు, "మొన్ననే అమ్మిండు అన్నా. ఆ పైసలతోని రైలుకు కింది బెర్తు కొనిండట. ఎవరికోసమో చెప్తలేడు" అంది. ఇంతలో లారీ కదిలి, హైవే వైపు పోవాల్సింది హనుమమ్మ వాడలోకి తిరిగింది. నేను వెనక నడిచాను. ఆ నూట పది కిలోల సంగతి తేల్చుకోకుండా అతన్ని ఊరు దాటనిచ్చేది లేదనుకున్నాను.

నేను వెళ్లేసరికి జానయ్య హనుమమ్మ మంచం పక్కన నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ప్రవళిక తలుపు దగ్గర ఉంది. తల్లి పట్టు విడవకపోతే చివరికి ఆమె ఒప్పుకుంది, ఆశ్రమం కారు మధ్యాహ్నం రావాలి.

"నీ మంచం డెబ్బై ఒకటి. పోయిన నెల జరిపినప్పుడు చూసిన" అంటున్నాడు జానయ్య. "పరుపు పదహారు. కుర్చీ పదమూడు. బట్టలు ఎనిమిది. నూట ఎనిమిదాయె."

"నేను రానంటే రాను అన్నా. ఖరారైన మాటను ఎందుకు తిప్పుతవ్" అంది హనుమమ్మ.

"నిన్ను ఎవరు రమ్మన్నరు చెల్లె. లారీల నూట పది కిలోల జాగా ఖాళీగ ఉన్నది. కిరాయి మాత్రం నిండ ఇచ్చిన. ఉత్తగ పోతే సైదులుకు దండుగ కట్టినట్టు గదా."

హనుమమ్మ కూలికి పోయి బిడ్డను చదివించిన మనిషి. దండుగ అన్న మాటకు కదిలింది.

"ఎంత దండుగ?"

"పద్నాలుగు నూర్ల అరవై ఆరు."

"అయ్యో, గంత జాగా ఎందుకు ఇడిసినవ్? వేరేదేమన్న ఎక్కియ్యలేకపోతివా?"

"మా బావ టేకు మంచం ఎక్కిద్దామనుకున్నం. ఆయనే వద్దన్నడు. హనుమమ్మ మంచం పోవాలె, నా మంచం దించు అన్నడు. నేను ఎంత చెప్పినా ఇనలే. పెద్దమనిషి, ఒకసారి అంటే అన్నట్టే."

నేను గడపలో ఉన్నాను. హనుమమ్మ నన్ను చూసింది. ఆమె రెండు చేతులూ ఎత్తి నాకు దండం పెట్టబోయింది. వంగిపోయిన వేళ్లు ఒకదానికొకటి సరిగ్గా ఆనలేదు.

"పెద్దన్నా, నువ్వే గట్ల అన్నవా?"

ఆమె మా ఊరికి కొత్త కోడలిగా వచ్చింది నేను బోరింగు వేయించిన ఏడే. పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, మొదటి బిందె కొత్త కోడలితో పట్టించాలని చెప్పింది కూడా నేనే. ఆ బిందె హనుమమ్మదే. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఉంది, తాగొద్దని ఆ బోరింగుకు ఆఫీసువాళ్లు ఎర్ర రంగు పూసింది మాత్రం చాలా ఏళ్ల తర్వాత. నా గొప్పల్లో ఆ బోరింగును ఇప్పటికీ చెబుతూనే ఉంటాను, చెప్పకపోతే మొత్తం తగ్గుతుంది.

"అన్న" అన్నాను.

ఆమె చేతులు దించి, "నూట ఎనిమిదే గద అయ్యింది. ఇంక రెండు కిలోలు?" అంది జానయ్యతో.

"నీ ఆకులు, వక్కల డబ్బా."

"అది కిలో కూడ ఉండదు."

"ఆడ వక్కలు పిరమట. ఎక్కువ పెట్టుకో."

ప్రవళిక ఆశ్రమానికి ఫోన్ చేసి కారు వద్దని చెప్పి, ఆ తర్వాత వెనకింట్లోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. జానయ్య వంగి హనుమమ్మను రెండు చేతులతో ఎత్తుకున్నాడు. స్టేషన్‌కు పోయే ఆటో దాకా మోస్తూ, "ముప్పై ఎనిమిది" అన్నాడు.

"తరుగు తీసి చెప్తున్నవా అన్నా?"

"తీయలే. తీస్తే నీ దగ్గర ఏం మిగులుతది."

ఆమె నవ్వింది. నాలుగేళ్లలో ఆమె నవ్వు నేను విన్నది అప్పుడే.

ఆటో కదిలేముందు జానయ్యను పక్కకు పిలిచాను.

"ఆ మాట నేను ఎప్పుడన్ననయ్యా?"

"నా మాటకైతే ఆమె మంచం దిగది బావా. ఖరారు చేసింది నువ్వు. ఇప్పాల్సింది కూడ నువ్వే. నిన్ను అడుగుదామంటే నువ్వు తొమ్మిది రోజులాయె మాట్లాడక."

"అడిగితే నేను వద్దంటుంటి" అన్నాను. నిజమే చెప్పాను.

"గందుకే అడగలే."

నేను ఇన్నేళ్లలో ఇన్ని పనులు చేశాను. బోరింగు, పాల సంఘం, రెండుసార్లు మెంబరుగిరి, బడికి ప్రహరీ గోడ. ఒక్కటీ ఎవరికీ గుర్తు లేదు. నేను చేయని ఈ ఒక్క పని మాత్రం ఊరంతా చెప్పుకుంటుంది. చెల్లెలి వియ్యపురాలి కోసం టేకు మంచం దించిన మనిషి అని నార్కట్‌పల్లి హోటల్లో నాకు ఒకసారి చాయ్ పైసలు తీసుకోలేదు. కాదని చెబుదామని నోరు తెరిచి, చాయ్ తాగి వచ్చాను. ఇటువంటి అవమానం జానయ్య తప్ప ఇంకెవరూ చేయలేరు.

అతను అక్కడ ఊరికే ఉండలేదు. మొదటి నెలలోనే చేపలమ్మే ఆమెతో ఐసు తరుగు మీద గొడవపడ్డాడు. ఆర్నెల్లకు అదే వీధిలో చేపలు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇద్దరూ అతన్ని పిలిచి తూయించుకోవడం మొదలుపెట్టారు. నెలకోసారి నాకు ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడగకుండా హనుమమ్మ బరువు చెబుతాడు. ప్రవళిక ఆసుపత్రి నుంచి తెచ్చిన కాంటా మీద కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేస్తాడట. ముప్పై తొమ్మిది, నలభై, వానాకాలం జ్వరం వచ్చి మళ్లీ ముప్పై తొమ్మిది. మొన్న మార్చిలో చేశాడు.

"నలభై నాలుగున్నర బావా."

"కుర్చీ తీసినవా?"

"కుర్చీ, చీర, తలకు పెట్టిన నూనె, అన్ని తీసేసిన."

యాసంగి బియ్యం కోసం ఊరికి వస్తున్నానని చెప్పాడు. అక్కడి బియ్యం అండాలుకు పడటం లేదట. హనుమమ్మను కూడా తీసుకురమ్మన్నాను. వెనకనుంచి ఆమె గొంతు వినబడింది, "నేనెందుకు పెద్దన్నా, నన్ను ఎత్తుడు దించుడు ఎవరికి కష్టం" అని. జానయ్య ఫోన్ పక్కన పెట్టకుండానే ఆమెకు జవాబు చెప్పాడు.

"రైల్ల మనిషికి నలభై కిలోల సామాను ఫ్రీ చెల్లె. నీ టికెట్ మీద నలభై కిలోల బియ్యం వస్తయి. నువ్వు రాకుంటే దండుగ."

తర్వాత ఆమె, "మరి పోయేటప్పుడు నా చీరల్ల ఏ చీర తీసుకపోవాలె" అని అండాలును అడగడం వినిపించింది. నేను నా పొలంలో పండినవి రెండు బస్తాలు మర పట్టించి పెట్టాను. ఒక్కొక్కటి యాభై కిలోలు. నాకు తెలుసు, యాభై అంటే అతను ఒప్పుకోడు, తూచి తరుగు తీస్తాడు. వాళ్లు నల్లగొండ స్టేషన్‌లో దిగేది ఏప్రిల్ పన్నెండు, శనివారం.